కారు కడుగుటకు సిగ్గేల?

కారు కడుగుటను గూర్చి సాహిత్యపత్రికలో వ్యాసమేమని కొందఱు నవ్వవచ్చును. నవ్వుదురు గాక. మన పూర్వులు త్రాగునీటిని గూర్చియు, పురిటిగదిని గూర్చియు, పెండ్లిండ్లలోని భోగము మేళములను గూర్చియు వ్రాసినప్పుడును జనులు నవ్విరి. ఇంటిలో నిత్యము జరుగు పనులయందే మన బుద్ధి యెట్టిదో తెలియును గాని సభలలో మనమాడు మాటలయందు తెలియదు. నేడు మధ్యతరగతి కుటుంబము ఇంటి తరువాత నంత వెలపెట్టి కొను వస్తువు కారు. దానికై యేండ్ల తరబడి వాయిదాలు కట్టుచున్నాము. అట్టి దాని పైరంగును రెండు మూడేండ్లలో చెఱుపుచున్నాము. చెఱుపునది యెండ యని కొందఱును, వాన యని కొందఱును, కంపెనీవారు రంగు పలుచగా వేసిరని కొందఱును చెప్పుదురు. నా మాట వేఱు. మనము జీతమిచ్చి ప్రతిదినము తెల్లవాఱుజామున చేయించుచున్న తుడుపే మన బండ్ల రంగును చెఱుపుచున్నది. ఆ తుడుపునకు మూలము పనియన్న మన చేతికి గల సిగ్గు.

హైదరాబాదు నగరములో ఏ అపార్ట్‌మెంటు సెల్లారులోనికైనను ఉదయము 5 గంటలకు దిగి చూడుడు. ఒక మనుష్యుడు ఒక చేత బకెట్టును, ఒక చేత గుడ్డను పట్టుకొని బండి నుండి బండికి పోవుచుండును. మా సముదాయములో నతనికి 30 బండ్లు. 8 గంటలకు యజమానులు ఆఫీసులకు బయలుదేఱుదురు గనుక మూడు గంటలలో ముప్పదియు ముగియవలెను. అనగా బండికి 6 నిమిషములు. బకెట్టులోనిది మొదటి బండికి నీరు; అయిదవ బండికి బురద; పదవ బండికి దానిని ఏమనవలెనో చదువరులే యూహింపవచ్చును. ఆ గుడ్డ మన యిండ్లలో చినిగిన బనియనో, పాత చీర ముక్కయో. టైరునకు ఆ గుడ్డయే, అద్దమునకు ఆ గుడ్డయే, బానెట్టునకును ఆ గుడ్డయే. ఎనిమిదింటికి మనము క్రిందికి దిగి, తడి యాఱక నిగనిగలాడుచున్న బండిని జూచి, శుభ్రమైనదని సంతసించి తలుపు తీయుచున్నాము.

ఆ నిగనిగ క్రింద నేమి జరుగుచున్నదో చెప్పెదను. కారుపై నున్న రంగు ఒక్క పూత కాదు. ఉక్కురేకును మొదట ద్రవములో ముంచి, విద్యుత్తు నడిపి, తుప్పు పట్టనీయని పూత నొకదాని నెక్కింతురు. దానిపై నునుపు కొఱకు ప్రైమరు, దానిపై రంగు, అన్నిటికిని పైన రంగులేని గాజువంటి పూత. ఈ కడపటి దానిని పనివారు క్లియర్‌కోటందురు. మెఱుగంతయు దానిదే, ఎండలోని అతినీలలోహిత కిరణములను కాచుకొనునదియు నదియే. అన్ని పూతలును కలిసి సాధారణముగా 100 మొదలు 150 మైక్రానుల మందముండును. మైక్రానన మిల్లీమీటరులో వేయవ వంతు. అందులో క్లియర్‌కోటు 35 మొదలు 50 మైక్రానులు మాత్రమే. మన తలవెండ్రుకయే సుమారు 70 మైక్రానులుండును. పది లక్షల రూపాయల వాహనపు శోభయంతయు తలవెండ్రుకలో సగము మందమున నిలిచియున్నది!

ఇక దుమ్ము. హైదరాబాదు చుట్టునున్న గుట్టలన్నియు గ్రానైటు రాతివి. ఆ రాయి యెండకు వానకు శిథిలమైనప్పుడు దానిలోని మెత్తని భాగము మట్టియగును. పలుగురాతి భాగము మాత్రము అరుగక సన్నని యిసుకయై మిగులును. ఖనిజముల గట్టిదనమును కొలుచు మోస్ కొలతలో వజ్రమునకు 10, పలుగురాతికి 7, కత్తియుక్కునకు సుమారు 5½. గాజును గీయగల రేణువు ఈ పలుచని పూతను గీయదా? అయితే ఒక్క విషయము మఱువరాదు. దుమ్ము తనంత తాను రంగును గీయదు. వారము దినములు బండిపై నిలిచియున్నను గీత పడదు. దానిపై గుడ్డ నుంచి, చేతితో నొక్కి, గుండ్రముగా త్రిప్పినప్పుడే గీత పడును. వడ్రంగి కొయ్యను ఉప్పుకాగితముతో రుద్దునట్లు మనము మన బండిని రుద్దించుచున్నాము. వడ్రంగి పని ముగిసిన తరువాత నైనను ఆపును. మనది దినచర్య.

నేను ఈ సంగతిని పుస్తకములలో చదివి మొదట తెలిసికొనలేదు, సిగ్గుపడి తెలిసికొంటిని. నా బండి ముదురు నీలము. కొన్న రెండవ యేట ఒక మధ్యాహ్నము దానిని ఆరుబయట నిలిపి చూడగా, బానెట్టుపై ప్రతిఫలించిన సూర్యబింబము చుట్టును సాలెగూడువలె సన్నని గీతలు వలయములు వలయములుగా కనబడెను. సెల్లారు చీకటిలో నవి కానరావు. నాకు పట్టరాని కోపము వచ్చెను. మఱునాటి యుదయము క్రిందికి దిగి, తుడుచు మనుష్యుని నలుగురి యెదుట నిలిపి, బండిని పాడుచేసితివి, ఈ నెల జీతమియ్యనంటిని. అతడు నాకంటె పదేండ్లు పెద్దవాడు. తలవంచుకొని కొంతసేపు నిలిచి మెల్లగా ననెను:

"సారూ, గుడ్డ మీ ఇంట్లకెల్లి అమ్మ ఇచ్చిందే. నీళ్ళు ఒక్క బకెట్ కన్న ఎక్కువ పట్టుకుంటే వాచ్‌మన్ ఒప్పుకోడు, సెక్రటరీ సారు చెప్పిండట. ముప్పై బండ్లు ఎనిమిదింటి లోపల కావాలె. ఎట్ల తుడవాల్నో మీరే ఒక్కసారి చేసి చూపియ్యుండ్రి, అట్లనే చేస్త."

నాకు నోట మాట రాలేదు. ఏలయన, ఎట్లు తుడువవలెనో నాకును తెలియదు. మూడు బండ్లు మార్చితిని గాని ఒక్కనాడును నా చేతితో నా బండిని కడిగినవాడను గాను. గుడ్డ మా యింటిది, నీటి కట్టుబాటు నేను సభ్యుడనైన సంఘముది, తొందర నాది. తప్పు మాత్రము అతనిది! ఆ నెల జీతము ఆ దినముననే యిచ్చితిని. తప్పయినదని అతనితో చెప్పుటకు మాత్రము మఱి రెండు వారములు పట్టెను. జీతమిచ్చుట కంటె ఆ మాట చెప్పుట కష్టమైనదని యొప్పుకొనవలసియున్నది.

తరువాతి యాదివారము నేనే బకెట్టు పట్టుకొని దిగితిని. పది నిమిషములలో ముగ్గురు పలుకరించిరి. "ఏమండీ, మనిషి రాలేదా?" అని యొకరు. "అయ్యో, మీకేం కర్మండీ!" అని యొకరు. మూడవ వారు ఏమియు ననక చిఱునవ్వు నవ్వి లిఫ్టెక్కిరి. ఆ నవ్వు నాకు రెండు మాటల కంటెను గట్టిగా తగిలెను. తన వస్తువును తాను శుభ్రపఱచుకొనుటకు మనవారు పెట్టిన పేరు కర్మ! అమెరికాలో నున్న మన పిల్లలు శనివారమునాడు ఇంటి ముందఱ బండిని తామే కడిగికొని ఆ ఫొటోను మనకు పంపుదురు. మనము దానిని చుట్టపక్కాలకు చూపి మురియుదుము. ఆ పిల్లవాడే సెలవులకు వచ్చి సెల్లారులో బకెట్టు పట్టినచో తల్లి పరుగెత్తుకొని వచ్చి దానిని లాగికొనును. చేయి యొక్కటే, పనియు నొక్కటే. డల్లాసులో గౌరవము, దిల్‌సుఖ్‌నగరులో అగౌరవము. ఇది యే శాస్త్రములో నున్నది?

దసరాకు మనము ఆయుధపూజ చేయుదుము. కమ్మరి తన సుత్తిని, వడ్రంగి తన బాడిసెను, సాలెవాడు తన మగ్గమును తానే దులిపి, తానే తుడిచి, తానే బొట్టు పెట్టి మ్రొక్కును. పని చేసిన చేయియే మ్రొక్కును గనుక ఆ పూజకు అర్థము కలదు. మనము చేయునదేమి? తెల్లవాఱకముందే ఆ మనుష్యుడు బండిని కడిగిపోవలెను. అటుపిమ్మట మనము స్నానము చేసి, పట్టుపంచె కట్టి, దానికి పసుపు పూయుదుము. అతడు దూరముగా నిలిచి చూచి, ప్రసాదపు పొట్లము పుచ్చుకొని పోవును. పూజ మానుడని నేననను. కాని స్వస్తికమును బానెట్టుపై వ్రేలితో రుద్ది వ్రాసి, ఆ పసుపు మరక పోరాదని వారము దినములు ఎండలో నెండబెట్టుట. పూలదండను ఇనుపతీగెతో బిగించి, అది గాలికి రంగుపై కొట్టుకొనుచుండగా దేవాలయమునకు పోయివచ్చుట. కొబ్బరికాయను బంపరునకే కొట్టుట. ఇవి భక్తిలోని వెన్ని, మోటుతనములోని వెన్ని? అద్దము మీద బొట్టు పెట్టినను దేవుడు కాదనడు. గాజునుండి పసుపు తడిగుడ్డతో పోవును.

పనియన్న సిగ్గుపడు వానికి డబ్బుతో తప్పించుకొను దారి చూపువాడు తప్పక దొరకును. బండి కొన్ననాడే పూతల పట్టికను చేతిలో పెట్టుచున్నారు. ఒకప్పుడు ఊరూర టెఫ్లానుపూత అని బోర్డులు కట్టిరి. టెఫ్లాను కరగుటకు 327 డిగ్రీల సెంటీగ్రేడు వేడి కావలెను. పెనము మీద దానిని నిలుపుటకు అంతకు మించిన వేడిలో కాల్తురు. కారునకు అంత వేడి పెట్టినచో రంగే మిగులదు. మఱి గంటసేపు చేతితో రుద్ది పూసినది పెనము మీది పూత యెట్లగును? ఇప్పటి మాట సెరామిక్కు. దాని సీసాపై 9హెచ్ అని యుండును. కొనువాడు వజ్రము పదియైనచో నిది తొమ్మిది కాబోలు, ఇక గీత పడదనుకొనును. ఆ అంకె మోస్ కొలతలోనిది కాదు, పెన్సిళ్ళ కొలతలోనిది. బొమ్మలు గీయువారు వాడు పెన్సిళ్ళలో మెత్తనివి, గట్టివి యని తరగతులుండును గదా, వానిలో మిక్కిలి గట్టిది 9హెచ్. ఆ పెన్సిలుతో గీసినను పూత చెడదని మాత్రమే దాని యర్థము. పలుగురాతి రేణువు పెన్సిలు కాదు. న్యాయముగా చెప్పవలెనన్నచో సెరామిక్కు పూత వట్టి మోసము కాదు: నీరు నిలువక జాఱిపోవును, మురికి సులభముగా వదలును, మైనముకంటె ఎక్కువకాలము నిలుచును. కాని వేలు పోసి ఆ పూత వేయించి, మఱునాటినుండి అదే మురికి బకెట్టు, అదే గుడ్డ! పూతపై గీతలు పడిన తరువాత దుకాణమువాడు వానిని పోగొట్టుటకు మఱల యంత్రముతో అరగదీసి, మఱల పూత పూయును. అరగదీసినప్పుడెల్ల ఆ తలవెండ్రుక సగములో కొన్ని మైక్రానులు పోవును. పోయినది తిరిగి రాదు. గీతలు పోయినవనగా గీతలను పూడ్చిరని కాదు, గీతల లోతువఱకు చుట్టునున్న పూతను చెక్కివేసిరని యర్థము. సర్వీసుకు ఇచ్చినప్పుడెల్ల అడుగకయే పాలిష్ పట్టించుకొని వచ్చువారు ఈ మాటను మనసులో నుంచుకొనవలెను.

ఈ రుద్దుడుపై మనకు నమ్మకమేల కలిగెనో దానికొక చరిత్ర కలదు. మొదటి కార్లకు పూసినది బ్రష్షుతో వేయు వార్నీషు రంగు. ఆఱుటకు వారములు పట్టెడిది. ఫోర్డు కంపెనీ తన మోడల్ టీ బండిని 1914 మొదలు 1925 వఱకు నల్లరంగుననే విక్రయించెను. అమెరికాలో 1923లో డ్యూపాంటు వారి నైట్రోసెల్యులోసు రంగు వచ్చిన పిమ్మట గాని, త్వరగా ఆఱునట్టియు రకరకములైనట్టియు రంగులు సామాన్యుని బండికి దొరకలేదు. ఆ రంగులకు పైన క్లియర్‌కోటు లేదు. ఎండకు పైపొర సున్నము తేలినట్లు వెలిసిపోయెడిది. దానిని రుద్ది తీసి మైనము పూసినచో క్రింది రంగు మఱల మెఱసెడిది. మన అంబాసిడరు, ప్రీమియరు పద్మిని బండ్లలోను చాలవఱకు నట్టి రంగే. పెద్దయింటి డ్రైవరు ఆదివారము పాలిష్ పెట్టి రుద్దుచుండగా గుడ్డకు రంగంటుట నేను చిన్నతనమున చూచితిని. ఆనాటికి ఆ పని సరియైనది. బండి మాఱినది, రంగు మాఱినది, రుద్దుడు మాత్రము మాఱలేదు. ఆచారములన్నియు నిట్లే గదా, కారణము పోయిన తరువాతను కాలు కదపవు.

కడుగు పద్ధతి చెప్పెదను; ఇది కష్టమైన విద్య కాదు. బండి నీడలో నుండవలెను, రేకు చల్లబడియుండవలెను. చేతిని బానెట్టుపై మోపి చూచి, వేడిగా నున్నచో ఆగవలెను. వేడి రేకుపై సబ్బునీరు కడుగకముందే ఆఱి మరక కట్టును. మొదట ఉత్తనీరు. గుడ్డ తగులకముందే పైనుండి క్రిందికి నీరు పోసి వదులు దుమ్మునంతను జాఱనీయవలెను. పనిలో సగము ఇదియే. గొట్టము అక్కఱలేదు, పూలకుండీలకు నీరు పోయు జల్లెడమూతి డబ్బా చాలును, నేను దానినే వాడుచున్నాను. పిమ్మట రెండు బకెట్లు. ఒకదానిలో కార్లకని అమ్ము షాంపూ కలిపిన నీరు, రెండవదానిలో ఉత్తనీరు. చేతికి తొడుగుకొను మెత్తని మైక్రోఫైబరు సంచిని షాంపూనీటిలో ముంచి, ఒక పలక కడిగి, ఉత్తనీటి బకెట్టులో పిండి, మఱల షాంపూలో ముంచవలెను. ఇసుక ఉత్తనీటి బకెట్టు అడుగున చేరును. మొదటిసారి నేను కడిగి ముగించి ఆ బకెట్టు అడుగున చేయి పెట్టి చూడగా పిడికెడు గరుకు మన్ను తగిలెను. అంత మన్నును దినదినము గుడ్డలో పెట్టి రుద్దించితినే యని అప్పుడు కన్నులారా చూచితిని.

కప్పునుండి క్రిందికి కడుగవలెను, ఏలయన అడుగు భాగమున మురికి యెక్కువ. గుండ్రముగా త్రిప్పక, నొక్కక, నిడుపుగా లాగవలెను. చక్రములకు వేఱు గుడ్డ, కడపట. చేజాఱి నేలపై పడిన గుడ్డను ఆ దినమునకు మఱి ముట్టరాదు. బట్టలుతుకు సోడాపొడి, అంట్లు తోము సబ్బు వాడరాదు. అవి జిడ్డును విడిపించుటకు చేసినవి గనుక పైనున్న మైనమును గూడ విడిపించును. కిరసనాయిలు, డీజిలు గుడ్డతో తుడిచి మెఱయించు పాత డ్రైవర్ల అలవాటు ఇంకను కొన్ని యూళ్ళలో నున్నది. ఆ మెఱుపు సాయంకాలమువఱకే. జిడ్డు దుమ్మును పిలిచి కూర్చుండబెట్టును. ఉత్తనీటితో కడిగిన వెంటనే పెద్ద మైక్రోఫైబరు తువ్వాలుతో అద్దవలెను. ఆఱనిచ్చిన పనికిరాదు. మన బోరునీటిలో సున్నపు లవణములు మెండు. బొట్టు బొట్టునకు తెల్లని వలయము మిగులును. క్రొత్త మరకలైనచో వినిగారును బాగుగ నీరు కలిపి తుడిచి వెంటనే కడిగినచో పోవును. పాతవి రంగును కొఱికియుండును.

పక్షిరెట్ట విషయములో మాత్రము వారము ఆగరాదు, గంటలు లెక్క. దానిలో యూరిక్ ఆమ్లముండును. మే నెల యెండలో పూత వేడికి మెత్తబడినప్పుడు అది పట్టుకొని గుంట చేయును. పొడిగుడ్డతో గోకరాదు. తడిగుడ్డను దానిపై నయిదు నిమిషములుంచి నానిన తరువాత ఎత్తివేయవలెను. మామిడిచెట్టు నీడ చల్లనని పూతకాలమున దాని క్రింద బండి నిలుపువారికి మఱియొక మాట. తేనెమంచు పురుగు విసర్జించు జిగట బండిపై రాలును. దానిపై దుమ్ము పడినచో ఉత్తనీటికి పోదు, షాంపూనీటితో నానబెట్టవలసినదే. విశాఖపట్టణమువంటి సముద్రతీరపు ఊళ్ళలో ఉప్పుగాలి గలదు గనుక, రంగు సరే, బండి అడుగుభాగమునకు గూడ నీరు పెట్టవలెను. తుప్పు మొదట పుట్టునది అక్కడనే.

మైనము పూయుట మూడు నెలలకో రెండు నెలలకో చేసికొను పని. నీరు పోసినప్పుడు ముత్యములవలె ఉండలు కట్టక పలుచగా పఱచుకొనుచున్నదా, అప్పుడు మైనము పోయినదని గుర్తు. మంచి మైనము కార్నౌబా యనునది. ఈశాన్య బ్రెజిలులో పెరుగు ఒక చెట్టు ఆకులపై నెండకు తాళుటకు పుట్టునది. ఆ చెట్టు మన తాటికి దూరపు చుట్టము. 80 డిగ్రీలు దాటిన వేడికి గాని అది కరగదు గనుక మన యెండలకును తగును. పూయుటకు ముందు వ్రేళ్ళకు పలుచని ప్లాస్టిక్ సంచి తొడిగి కడిగిన బానెట్టుపై నడిపి చూడుడు. కంటికి నునుపుగా నున్నచోట గరుకు తగిలినచో అవి అంటుకొన్న ఇనుపరజను మొదలగునవి. క్లే అని విక్రయించు బంకముద్దను షాంపూనీటి తడిమీద తేలికగా నడిపినచో అవి ఊడివచ్చును. ఏడాదికి ఒకటి రెండుసార్లు చాలును. మైనమును గూర్చి మనవారు చేయు తప్పొకటే: నేయివలె దట్టించుట. కనబడీ కనబడనంత పలుచగా పూసి, మసకగా ఆఱిన పిమ్మట శుభ్రమైన గుడ్డతో తీసివేయవలెను. దట్టముగా పూసినందువలన రక్షణ హెచ్చదు. తీసివేయునప్పుడు చేయి నొచ్చును, అంతే.

దీనిపై రెండు ఆక్షేపణలు వినుచున్నాను. నీటికి కటకటగా నున్న నగరములో కార్లు కడుగుమని చెప్పుట ధర్మమా యని మొదటిది. ఇది తోసివేయదగిన మాట కాదు. బెంగుళూరులో 2024 మార్చి నెలలో జలమండలివారు త్రాగునీటితో వాహనములు కడుగుటను నిషేధించి 5,000 రూపాయల జరిమానా పెట్టవలసివచ్చెను. నేను కొలిచి చూచితిని. మా కొళాయి గొట్టము 15 లీటర్ల బకెట్టును నిమిషములో నింపును. గొట్టము పట్టి ఇరువది నిమిషములు కడిగినచో 300 లీటర్లు. నేను చెప్పిన పద్ధతికి, ముందు పోయుటకొక బకెట్టు, షాంపూనకొకటి, పిండుటకొకటి, కడపట పోయుటకొకటి, మొత్తము 60 లీటర్లు, వారమునకొకసారి. వేసవిలో నీరు చాలనప్పుడు కడుగకుడు. దుమ్ముతోనే తిరుగుడు. దుమ్ముకొన్న బండిలో ఆఫీసునకు పోయినందువలన ఎవరి ఉద్యోగమును పోలేదు. ముట్టని దుమ్ము గీయదని మొదటనే చెప్పితిని గదా. అద్దములు మాత్రము తుడుచుకొనుడు, త్రోవ కనబడవలెను.

రెండవ ఆక్షేపణ బరువైనది. అందఱును తమ బండ్లను తామే కడిగికొన్నచో ఆ తుడుచువాని పొట్ట మీద కొట్టినట్లు కాదా? ఈ మాట మొదట నా మిత్రుడొకడు నాతో నన్నప్పుడు నాకు జాలిగుండె గలవాని మాటగా తోచెను. తరువాత లెక్క వేసి చూచితిని. మా సముదాయములో బండికి నెలకు 400 రూపాయలు, 30 బండ్లకు 12,000. అతడు దినమునకు మూడు గంటలు పని చేయుచున్నాడు. ప్రతిదినము ముప్పది బండ్లను చెఱుపుటకు బదులు ప్రతి బండిని వారమునకొకసారి అరగంట సావకాశముగా కడిగినచో వారమునకు 15 గంటలు. ఆఱు దినములకు పంచినచో దినమునకు రెండున్నర గంటలు, అయిదు బండ్లు. అదే మనుష్యుడు, అదే జీతము, అరగంట తక్కువ శ్రమ, బండికి హాని లేదు! మనకు కావలసినది రెండు బకెట్లు, రెండు చేతిసంచులు, నాలుగు తువ్వాళ్ళు, ఒక షాంపూ డబ్బా, నీటిపై నుదారమైన అనుమతి. ఇంత సులభమైన మార్పు ఇన్నేండ్లును మనకు తోచకపోవుటకు కారణమేమి? ఆ పనిని మనలో నొక్కడును చేసి చూడలేదు గనుక తోచలేదు. చేసి చూచినవానికి ఆఱు నిమిషములలో బండి శుభ్రము కాదని తెలియును. ఒక్క బకెట్టుతో ముప్పది బండ్లు కావని తెలియును. చలికాలపు తెల్లవాఱుజామున చన్నీటిలో చేయి పెట్టినచో వ్రేళ్ళు కొంకరపోవునని తెలియును. తెలిసినవాడు జీతము కోయుదునని నలుగురిలో అఱవడు. అందుచేతనే, మనుష్యుని పెట్టుకొన్నను, నెలకొక్క ఆదివారమైనను ఎవరి బండిని వారు కడుగవలెనని నా వాదము. కుమాళ్ళతోడనే కాక కూఁతుళ్ళతోను కడిగింపుడు. కారు నడుపుట నేర్పిన తండ్రి బకెట్టు పట్టుట నేర్పకుండుట యేమి?

నేను ఈ లెక్కను వ్రాసి మా సంఘపు కార్యదర్శిగారికిచ్చితిని. సెల్లారులో నీరు పోవు మోరీ ప్రక్క ఒక కొళాయి వేయింపుమనియు, గుడ్డలు బకెట్లు సంఘపు ఖర్చుతో కొనుమనియు, తుడుపు మాని వారపు కడుగుడు నేర్పఱుపుమనియు అందు కోరితిని. వచ్చు నెల మొదటి యాదివారము సమావేశము. దానికి అతనిని గూడ పిలువవలెనంటిని. "క్లీనర్‌ని మీటింగుకాండీ?" అని వారు నా ముఖము వంక చూచిరి. ఔనంటిని. ఆలోచించి చెప్పెదమనిరి. అతనినడిగితిని, వచ్చెదనన్నాడు, కాని ఆదివారము పదింటికి వేఱొక సముదాయములో పనియున్నది, పదకొండింటికి పెట్టింపుడన్నాడు. ఆ మాటను గూడ కాగితము అడుగున వ్రాసి యిచ్చితిని.